పగటి క్లబ్బులో నాయన

మత్తిగిరి,
అక్టోబరు 13.

నా తల్లి మంజూ,

కవరు మీద నా చేతిరాత చూసి కూడా చించి పారేయకుండా ఇక్కడిదాకా వచ్చావంటే సగం గండం గడిచినట్టే. మిగతా సగం కూడా చదువు. నేను నిన్న ఒక డాన్సు క్లబ్బుకు వెళ్ళాను. నవ్వొస్తే నవ్వుకో. మీ అమ్మ బతికున్నప్పుడు పెళ్ళి ఊరేగింపులో కూడా కాలు కదపని మనిషిని, యాభై మూడేళ్ళ వయసులో చెప్పులు విప్పి పిల్లకాయల మధ్య నిలబడ్డాను. ఎందుకు వెళ్ళానో చెప్పాలంటే నీ దగ్గర దాచిన సంగతి ఒకటి చెప్పాలి. అది రాయడానికి చెయ్యి రావడం లేదు. అందుకని క్లబ్బు గురించే ముందు రాస్తాను.

ఉద్దనపల్లి దారిలో ఒకప్పుడు గులాబీలు పెట్టెల్లో సర్ది పంపే షెడ్డు ఉండేది. దాన్ని రశ్మి అనే అమ్మాయి బాడుగకు తీసుకుంది. అన్ని క్లబ్బులూ రాత్రి తెరిస్తే ఇది ఆదివారం పొద్దున ఏడింటికి తెరుస్తుంది. శనివారం నైట్ షిఫ్టు దిగినవాళ్ళకు అప్పుడే కదా రాత్రి! కిటికీలకు నల్లగుడ్డ కట్టి, ఎర్రదీపాలు వేసి, పొద్దున్నే చీకటి చేసి పెడతారు. మందు ఉండదు. కాఫీ, రాగి అంబలి దొరుకుతాయి. రశ్మికి పుట్టుకతోనే చెవులు వినపడవు. అందుకే పాట కాళ్ళకు తెలిసేలా పెద్ద పెద్ద స్పీకర్లు చెక్కల నేల కింద పెట్టించింది. వచ్చేవాళ్ళలో సగం మంది ఆమెలాంటి వాళ్ళే. మిగతా సగం రాత్రంతా మిషన్ల దగ్గర నిలబడి, ఎవరితోనూ మాట్లాడే ఓపిక లేనివాళ్ళు. లోపల నోటితో మాట్లాడకూడదు. గుమ్మంలో మనిషికొక పలక, సుద్దముక్క ఇస్తారు.

నాతో పనిచేసే రాజప్ప నన్ను షిఫ్టు దిగగానే బండెక్కించుకున్నాడు. మొహం నా మొహానికి ఎదురుగా పెట్టి, పెదవులు బాగా కదిలిస్తూ, "ఆడ ఎవురూ మాట్లాడరప్పా, నీకు సరిపోతుంది, రా" అన్నాడు. వాడికి నా సంగతి ఎప్పుడో తెలిసిపోయిందని నాకప్పుడు తెలిసింది.

గంటసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఒక మొగుడూ పెళ్ళాం పలకల మీద పోట్లాడుకుంటున్నారు. ఆమె రాసింది అతను చదివేలోపే చెంగుతో తుడిచేసి ఇంకొకటి రాస్తోంది. పాపం, అతను సుద్దముక్క పట్టుకుని తన వంతు కోసం చూస్తున్నాడు. ఫ్యాక్టరీ యూనిఫారం కూడా మార్చుకోని ఇద్దరు ఆడపిల్లలు కళ్ళు మూసుకుని ఆడుతున్నారు. ఒకరిలో నువ్వు కనిపించావు. రాజప్ప నా చెప్పులు లాగేసి నన్ను నేల మధ్యకు తోశాడు.

మంజూ, మడమల్లోంచి ఆ స్పీకర్ల దెబ్బ పైకి వచ్చింది. ఇరవై నాలుగేళ్ళు నేను నిలబడ్డ, ఇనుపరేకులు కొట్టే ప్రెస్సు దెబ్బే అది. నా చెవులు తినేసింది కూడా అదే. ఇప్పుడు నాకు తెలిసే చప్పుడల్లా అదొక్కటే, అదీ కాళ్ళకి. నాకు ఏడుపు వచ్చింది. అక్కడే కూర్చుని ఏడ్చాను, ఎవరూ ఏమీ అడగలేదు.

బయటికి వచ్చేటప్పుడు ప్రతివాళ్ళూ ఒక పుస్తకంలో ఆ రోజు ఎలా గడిచిందో రాయాలి. నేను 'కాఫీ చల్లారిపోయింది' అని రాశాను. రశ్మి చదివి, దాని కింద కన్నడంలో ఏదో రాసింది. మన అక్షరాలకు దగ్గరే కాబట్టి కూడబలుక్కుని చదివాను. 'ఇది కాఫీ సంగతి. మీ సంగతి?' అని ఉంది. అప్పుడు రాశాను, 'నాకు చెవులు వినపడవు, నా కూతురికి తెలియదు' అని. నీకు రాయవలసిన మాట ముందు ఆ పుస్తకంలో పడింది.

ఇదీ సంగతి. రెండేళ్ళుగా తగ్గుతూ వచ్చి ఈ ఏడు పూర్తిగా పోయింది. కంపెనీలో ఏటా చెవి పరీక్ష పెడతారు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా వేలెత్తమంటారు. బయట బటన్ నొక్కే నర్సమ్మ మోచెయ్యి అద్దంలో కనిపిస్తుంది. అది కదిలితే నేను వేలెత్తేవాణ్ణి. అలా రెండు పరీక్షలు గట్టెక్కాను. మూడోది వచ్చే నెలలో ఉంది. ప్రెస్సు దగ్గర హెచ్చరిక హారన్ వినపడనివాణ్ణి ఉంచరు. కాంట్రాక్టు మనిషికి వేరే పని చూపించరు, గేటు చూపిస్తారు.

శక్తి మన కులపు అబ్బాయి కాదని నేను నీ పెళ్ళికి రాలేదు, నిజమే. కానీ ఆ కోపం రెండు నెలలు కూడా నిలవలేదు. ఆ తర్వాత నేను ఫోన్ ఎత్తనిది కోపంతో కాదు, ఎత్తినా ఏమీ తెలియదు గనక. కోపమనే అనుకోనీలే అని ఊరుకున్నాను. చెవిటివాడు అనిపించుకోవడం కంటే మొండివాడు అనిపించుకోవడం గౌరవం అనుకున్నాను. మీ అమ్మ ఉంటే నన్ను చీపురుతో కొట్టేది.

ఫిబ్రవరిలో ఒకరోజు ఉండబట్టలేక ఎత్తాను. నీ గొంతు ఉందని తెలుస్తోంది గానీ మాట తెలియడం లేదు. ఆగి ఆగి మాట్లాడావు. నేను అందరికీ చెప్పే మాటే నీకూ చెప్పాను, "సరేలేమ్మా, సరేలే" అని. ఆ తర్వాత నువ్వు మళ్ళీ చెయ్యలేదు. ఆ రోజు ఏం చెప్పావో రాయి తల్లీ. ఎంత చెడ్డదైనా సరే.

మీ నాయన,
ముత్యాలప్ప

కృష్ణగిరి,
అక్టోబరు 21.

నాయనా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అడిగావు కాబట్టి రాస్తున్నాను.

ఆ రోజు నేను ఆసుపత్రిలో ఉన్నాను. నాకు ఆరో నెల. కడుపులో పాప కదలడం లేదని పొద్దున తీసుకెళ్ళారు. సాయంత్రానికి ఏమీ మిగల్లేదు. ఆడపిల్ల. కడుపుతో ఉన్నానని కూడా నీకు చెప్పలేదు, పుట్టాక ఒడిలో పెడితే నీ కోపం పోతుందని మనసులో అనుకునేదాన్ని. ఫోన్లో నీకు చెప్పింది ఇంతే: "నాయనా, నా బిడ్డ పోయింది. నాకు అమ్మ లేదు. నువ్వు ఒక్కసారి రా." నువ్వు "సరేలేమ్మా, సరేలే" అన్నావు.

వస్తానన్నావనుకున్నాను. శక్తితో కూడా, "మా నాయన వస్తాండాడు, నువ్వు ఈడనే ఉండు, ఆయనకి వార్డు తెలీదు" అని చెప్పాను. ఆయన బస్టాండుకు రెండుసార్లు వెళ్ళి చూసి వచ్చాడు. రెండు రోజులు వార్డు తలుపు తెరుచుకున్నప్పుడల్లా తల తిప్పాను. నర్సులు, ఊడ్చే ఆమె, ఎవరెవరి బంధువులో. ఇంటికి పంపించేటప్పుడు కూడా కాసేపు ఆగుదామని శక్తిని బతిమాలాను.

నీకు వినపడలేదని ఇప్పుడు తెలిసింది. కోపం పోవాలి కదా, పోలేదు. ఎనిమిది నెలలు మోసిన కోపం ఒక్క ఉత్తరానికి దిగుతుందా? చెవులు పోవడం నీ తప్పు కాదు. కానీ నీ కూతురు నిన్ను రాతిగుండె మనిషి అనుకున్నా ఫరవాలేదనుకున్నావే, అది నీ తప్పు. ఆ ముక్క చదివినప్పుడు ఉత్తరం విసిరికొట్టాను. తర్వాత నేనే వెళ్ళి తెచ్చుకున్నాను.

ఇంటికి రాను. నవంబరు రెండు ఆదివారం. ఆ క్లబ్బుకు వస్తాను.

మంజుశ్రీ

మత్తిగిరి,
నవంబరు 6.

మంజూ తల్లీ,

నువ్వు వచ్చావు. ఎర్రదీపాల కింద నువ్వు చాలా చిక్కిపోయి కనిపించావు. చెప్పులు విప్పి నా పక్కన నిలబడి, పలక తీసుకుని, ఆ రోజు ఫోన్లో చెప్పిన మూడు మాటలూ మళ్ళీ రాశావు. ఉత్తరంలో చదివినవే. కానీ నువ్వు అదిమి రాస్తుంటే సుద్దముక్క విరిగింది చూడు, అప్పుడు విన్నాను వాటిని. నా పలక మీద 'వస్తాండానమ్మా' అని రాశాను. ఎనిమిది నెలలు ఆలస్యమైన జవాబు. నువ్వు చదివి మొహం తిప్పేసుకున్నావు. తర్వాత ఇద్దరం ఆ నేల మీద పక్కపక్కన నిలబడ్డాం. ఒకే దెబ్బ ఇద్దరి కాళ్ళకూ తగులుతోంది. నువ్వు ఏడుస్తున్నావని నాకు చూడకుండానే తెలిసింది, నీ భుజం కదులుతూ నాకు తగులుతోంది కాబట్టి.

నీ పలక నేను ఇంటికి తెచ్చుకున్నాను. తుడవలేదు. రశ్మి చూసింది గానీ అడగలేదు. నా మనవరాలి గుర్తు నా దగ్గర అదొక్కటే.

నిన్ను బస్సెక్కించి వెనక్కి వెళ్ళి, పుస్తకంలో నువ్వేం రాశావో చూశాను. కోప్పడకు. 'కోపం ఇంకా ఉంది. వచ్చే నెల మళ్ళీ వస్తాను' అని ఉంది. దాని కింద రశ్మి ఏమీ రాయలేదు.

నిన్న చెవి పరీక్ష జరిగింది. రాజప్ప పొద్దున్నే వచ్చి, "అద్దంలో బాగా చూడప్పా, పోయినసారి మాదిరే కానిచ్చేయ్" అని హెచ్చరించి పోయాడు. నర్సమ్మ నన్ను గదిలో కూర్చోబెట్టి తలుపు వేసింది. అద్దంలో ఆమె మోచెయ్యి ఎప్పటిలాగే చక్కగా కనిపిస్తోంది. నేను కళ్ళు మూసుకున్నాను.

ఒక్కసారి కూడా వేలెత్తలేదు. ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. చివరికి ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. పరీక్ష ఎప్పుడో అయిపోయిందట.

మీ చెవిటి నాయన,
ముత్యాలప్ప