ఎడమచేతి యాక్సిలరేటర్

1937 ఏప్రిల్ 5, సోమవారం

పోలీసు మోటార్‌సైకిల్ ఉద్యోగం ఒకటి ఖాళీ ఉందని చీఫ్ గోరమ్ పోస్టాఫీసు గోడకి కాగితం అంటించాడు. ఊళ్లో బండి నడపడం వచ్చిన నిరుద్యోగులం ఇద్దరమే, నేనూ లైల్ టోఫ్టీ. కాగితం మిల్లు మూతబడ్డాక నా భార్య లియోనా పాపని తీసుకుని పుట్టింటికి వెళ్లి ఏడు నెలలయింది. ఉద్యోగం దొరికిన రోజు ఉత్తరం రాయి, వెంటనే రైలెక్కుతాను అంది. కోపంగా కూడా అనలేదు. అదే నా బాధ.

ఏప్రిల్ 7

ఒక చిక్కు. నా మోటార్‌సైకిల్ ఇండియన్ స్కౌట్. ఆ కంపెనీ బళ్లకి యాక్సిలరేటర్ ఎడమచేతి వైపు. టౌను బండికి కుడివైపు. పరీక్ష టౌను బండి మీద. నేను పదేళ్లుగా ఇండియన్ బళ్లు తప్ప ఇంకేవీ నడపలేదు.

ఏప్రిల్ 13

చీపురుకర్రని హ్యాండిల్‌లా పట్టుకుని కుడిచేత్తో తిప్పుతున్నాను. పక్కింటి మిసెస్ క్రూగర్ కంచె మీంచి చూసి, ఏం ఎమెట్, చీపురెక్కి ఎగిరిపోతావా ఏంటి అంది. చర్చిలో అందరికీ చెప్పిందట కూడా.

ఏప్రిల్ 24, శనివారం

పరీక్ష. వంతెన దాకా వెళ్లొచ్చి సుద్దగీత దగ్గర ఆపాలి. గీత మీద చీఫే నిలబడ్డాడు. ఆయన పద్ధతి అది. ఆయన్ని చూడగానే యాక్సిలరేటర్ అనుకుని ఎడమచేతి పిడి మూసేశాను. బండి తగ్గలేదు. కాలవలోకి తిప్పాను.

నన్ను చంపకుండా నువ్వు పడ్డావు, థాంక్సోయ్ అన్నాడు చీఫ్. ఉద్యోగం మాత్రం లైల్‌కిచ్చాడు.

మే 2, ఆదివారం, ఉదయం 10

లైల్ వచ్చాడు. నది రోడ్డు మీద ఒక్క రౌండు, నీ తిక్కబండి ఇవ్వు అన్నాడు. యాక్సిలరేటర్ ఎడమవైపని చెప్పాను. తెలుసులేవోయ్, కాలవలో పడింది నువ్వు, నేను కాదు అని నవ్వాడు.

నోటితో చెబితే చెయ్యి వినదని నాకు తెలుసు. ముందు మైదానంలో నాలుగు రోజులు తిప్పి చూసుకో అనాల్సింది. ఆ మాట నోటిదాకా వచ్చింది. అనలేదు. బండి స్టార్ట్ చేసి ఇచ్చాను.

అదే రోజు, సాయంత్రం 4

మలుపులో కట్టెల లారీ ఎదురొచ్చిందట. లైల్ మోకాలు నుజ్జయింది.

మే 6

ఆసుపత్రికి వెళ్లాను. చీఫ్ అప్పటికే మంచం పక్కన ఉన్నాడు. ఇక కాలు వంగదని డాక్టరు చెప్పాడట. లైల్ నన్ను చూసి ఏడ్చాడు. వీడి తప్పేం లేదు చీఫ్, వీడు చెప్పాడు, నేనే వినలేదు అన్నాడు. నిజంగా చెప్పావా అని చీఫ్ అడిగాడు. చెప్పానన్నాను. నిజం చెప్పి ఇంత సిగ్గుపడడం ఇదే మొదటిసారి.

బయట మెట్ల మీద చీఫ్ నా భుజం తట్టాడు. ఇంకెవరున్నారయ్యా, నువ్వే రా అన్నాడు. ముందు పది రోజులు మైదానంలో తిప్పి చెయ్యి అలవాటు చేసుకో, అప్పుడు రోడ్డెక్కుదువుగాని అన్నాడు.

మే 7

లియోనాకి ఉత్తరం వేశాను. లైల్ సంగతి రాయలేదు.

మే 15

లియోనా వచ్చింది. చీఫ్ ఇచ్చిన యూనిఫాం లైల్ కొలతలకి కుట్టించినది. చేతులు రెండంగుళాలు పొడుగు. లియోనా మడిచి కుట్టి, ఇప్పుడు నీకే కుట్టినట్టుంది అంది.