రంగూన్ ఆవిడ ఓటు

కార్తీక శుద్ధ షష్ఠి

చావిడి గోడకి ఓటర్ల జాబితా అంటించారు. సుబ్బలు వెళ్ళి చదివి వచ్చింది. దాని పేరుంది. పక్కింటి అప్పన్న పేరుంది. పోయినేడు కాలం చేసిన అప్పన్న తండ్రి పేరు కూడా ఉంది. నా పేరు లేదు.

కాటికి పోయినవాడు ఓటరు. పొయ్యి ముందు కూర్చున్నది కాదు.

ఇవాళ్టి నుంచి ఈ పుస్తకం. తమ్ముడు పోయాక పెట్టెలో పడి ఉంది — మొదట్లో నాలుగు పేజీలు గిలికి వదిలేశాడు. నేను చెప్తాను, వాడి పెళ్ళాం సుబ్బలు రాస్తుంది. అది అయిదో తరగతి దాకా చదివింది, నాది వేలిముద్ర. ‘కాస్త మెల్లిగా చెప్పండి వదినగారూ’ అంటోంది. మెల్లిగా మాట్లాడే వయసు నాకు ఇంకా రాలేదు. ఆ మాట కూడా రాయి.

శుద్ధ సప్తమి

పోయిన ఎన్నికలప్పుడూ ఇంతే. కొత్తగా వచ్చారు కదండీ, వచ్చేసారి చూద్దాం అన్నారు. ఆ వచ్చేసారి కోసమే కూర్చున్నాను... వచ్చింది. పోతోంది.

కొత్త ఏమిటి. ఆంధ్ర రాష్ట్రం రాకముందే ఓడ దిగి, నీళ్ళ మధ్య ఈ లంక ఊరికి వచ్చేశాను. కర్నూలు రాజధాని అన్నప్పుడు ఇక్కడే ఉన్నాను. మొన్న కర్నూలు కాదు, హైదరాబాదు అన్నారు — అప్పుడూ ఇక్కడే ఉన్నాను. రాజధాని ఊరు మార్చుకోవచ్చు. నన్ను మాత్రం రంగూన్ వదలదు.

శుద్ధ నవమి

మునసబు ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చోమన్నాడు, మజ్జిగ ఇప్పించాడు. మర్యాదకేం లోటు లేదు. తన దగ్గరున్న కాగితాలు చూసి చెప్పాడు. ఎండాకాలంలో ఇల్లిల్లూ తిరిగినప్పుడు మా ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళని రాసుకున్నారట. ఒకరు సుబ్బలు. రెండోవారు ‘రంగూన్ ఆవిడ’. అంతే. పేరు లేదు. ఏలూరులో ఎవరో అది చూసి, రంగూన్ మనిషికి ఇక్కడ ఓటేమిటని గీత కొట్టేశారట.

రాసుకోవడానికి వచ్చిన రోజు నేను ఎండుచేపల తట్టతో ఆకివీడు వెళ్ళాను. గుమ్మంలో ఉన్నది సుబ్బలు.

ఇంటికొచ్చి అడిగాను. అడిగింది అడిగినట్టు, చెప్పింది చెప్పినట్టు దాని చేతే రాయిస్తున్నాను.

‘ఇంట్లో ఇంకెవరున్నారని అడిగాడా?’

‘అడిగాడండి. మా ఆడబిడ్డగారున్నారండి, రంగూన్ నుంచి వచ్చారండి అన్నాను.’

‘పేరు అడగలేదూ?’

‘అడిగాడండి.’

‘మరి?’

‘పెద్దవాళ్ళ పేరు నోటితో ఎలా అంటానండి, వదినగారూ.’

మర్యాద చేసింది. నాకు మర్యాద చేసి నన్ను చెరిపేసింది.

శుద్ధ దశమి

నిన్నంతా అన్నం ముట్టలేదు. నేను కాదు, సుబ్బలు. నేను తిన్నాను. పులుసు బాగానే కుదిరింది.

శుద్ధ త్రయోదశి

ఏలూరు. దోనెలో గట్టు దాకా, అక్కణ్ణించి బస్సు. ఆఫీసు వరండాలో మధ్యాహ్నం దాకా నిలబడ్డాను, బెంచీ మీద మగవాళ్ళున్నారు. గుమాస్తా చిన్నవాడే, మంచివాడిలాగే కనపడ్డాడు. మామ్మగారూ అని పిలిచి, పుట్టిందెక్కడండి అన్నాడు. లంకలో. పెళ్ళయ్యింది? తాడేపల్లిగూడెం వాళ్ళింటికి ఇచ్చారు. ఆ తర్వాత? రంగూన్, ముప్ఫయ్యేళ్ళు. భర్తగారు?

రంగూన్లోనే ఉన్నారు అన్నాను.

కలం పక్కన పెట్టేశాడు. ఆడవాళ్ళకి భర్త ఊరే సొంత ఊరట. ఆయన అక్కడుంటే నేనూ అక్కడే ఉన్నట్టు లెక్కట.

‘మరి నీ బల్ల ముందు నిలబడ్డది ఎవరు బాబూ?’ అన్నాను.

బెంచీ మీదివాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వించడానికి బస్సెక్కి అంత దూరం వెళ్ళానన్నమాట.

అర్జీ పెట్టుకోమన్నాడు. వేలిముద్ర వేయించుకున్నాడు. అత్తవారి వైపు నుంచి ఒక కాగితం తెమ్మన్నాడు — ఈవిడ మా ఇంట్లో లేదు, పుట్టింట్లోనే ఉంటోంది అని.

పౌర్ణమి

లంకంతా దీపాలు పెట్టారు. నేనూ పెట్టాను.

రంగూన్ గుర్తొచ్చింది. వాళ్ళ దేశం వాళ్ళకి వచ్చింది, మంచిదే. వచ్చాక మమ్మల్ని పరదేశి వాళ్ళ వరసలో నిలబెట్టారు. ఏడాదికోసారి డబ్బు కట్టాలి, ముద్ర వేయాలి. రైసుమిల్లులో వాళ్ళ ధాన్యం ఎండబోసి ఎండబోసి నా పాదాలు పగిలాయి. ఆ పాదాలతోనే ఆ వరసలో నిలబడ్డాను. పోలీసువాడు నా వయసు ఆడదాన్ని కూడా ఒరేయ్ అన్నట్టే పిలిచేవాడు.

ఆయన రెండో వరసలో నిలబడ్డారు. అక్కడి కాగితం తీసుకున్నారు, అక్కడి పేరు పెట్టుకున్నారు. అక్కడి ఆడమనిషిని అంతకు ముందే తెచ్చుకున్నారు. ఒకే ఇంట్లోంచి బయల్దేరి చెరో వరసలో నిలబడ్డాం. ఆయన మొహం ఇటు తిప్పలేదు.

అప్పుడే అనుకున్నాను. మా ఊరు పోతాను, మా లంకలో ఏ వరసలో నిలబడ్డా అది నా వరసే అవుతుంది... అనుకున్నాను.

బహుళ తదియ

తాడేపల్లిగూడెం. పాసింజరు బండి. మరిది ఇల్లు మేడ చేశాడు. ఇత్తడి గ్లాసులో కాఫీ ఇచ్చాడు, కుర్చీ వేయించాడు. కాగితం మాట ఎత్తగానే గ్లాసు దించేశాడు. అన్నయ్య సంగతే మాకు తెలియదు కదా వదినగారూ, రేపు ఈ సంతకం పట్టుకుని వాటాలంటూ ఎవరైనా వస్తేనో...

ఆస్తి అడగడానికి రాలేదయ్యా, ఓటు అడగడానికి వచ్చాను అన్నాను.

‘నేనేమీ నిలబడటం లేదండీ ఎన్నికల్లో’ అన్నాడు. తన మాటకి తనే నవ్వుకున్నాడు.

సంతకం పెట్టలేదు. వచ్చేటప్పుడు అరటిపళ్ళు కట్టి ఇవ్వబోయాడు. అక్కడే అరుగు మీద పెట్టి వచ్చాను.

బహుళ నవమి

మళ్ళీ ఏలూరు. గుమాస్తా నన్ను పక్కకి పిలిచాడు. గొంతు తగ్గించి చెప్పాడు, నా మంచికే అన్నట్టు.

‘మామ్మగారూ, ఒక్క ముక్క రాయిస్తే సరిపోతుందండి. భర్త పోయారని. అప్పుడు తండ్రిగారి పేరు మీద ఎక్కించేయొచ్చు. రంగూన్ వెళ్ళి ఎవరు చూడొచ్చారు?’

నా నుదుటి వంక చూసి, చప్పున చూపు దించుకున్నాడు. బొట్టు ఉంది కదా.

బహుళ దశమి

సుబ్బలు అంటోంది — ఉన్నా లేనట్టే కదండీ ఆయన. అప్పన్న కూడా అదే అన్నాడు. ఆయన మీకేం చేశాడని, రాయించేయండి.

ఏమీ చేయలేదు. ఒక ఉత్తరం ముక్క లేదు. ఆయన మీద ప్రేమ ఉండి కాదు ఈ బొట్టు. బతికున్నవాణ్ణి పోయాడని రాస్తారా ఎవరైనా? అలా రాసేవాళ్ళ వల్లే కదా నేను ఈ వీధిలో తిరుగుతూ కూడా లేనిదాన్నయ్యాను. నన్ను బతికించుకోవడానికి ఇంకొకణ్ణి చంపను. ఆయన ఉన్నారు. నేనూ ఉన్నాను. ఇద్దరం రెండు చోట్ల ఉన్నాం, అంతే.

రాయించను.

మార్గశిర శుద్ధ పంచమి

నా అర్జీ మీద విచారణ అయ్యింది. తీరిగ్గా రాయి సుబ్బలూ, నీ సంగతీ ఉంది ఇందులో.

ఆఫీసరు పెద్దవాడు, కళ్ళజోడు. కేకలు వేయలేదు. మొదట అప్పన్నని పిలిచారు. ఈవిడ ఎవరో తెలుసా? తెలుసండి, మా పక్కిల్లే, మా లంకే. పేరు?

‘రంగూనమ్మగారండి’ అన్నాడు.

అసలు పేరు అంటే బిక్కమొహం వేశాడు. ఇన్నేళ్ళ నుంచీ మా కూర గిన్నె వాళ్ళింటికీ వాళ్ళ గిన్నె మాకూ తిరుగుతోంది. తెలియదు. లంకలో ఎవరికీ తెలియదు. తెలిసిన ముసలివాళ్ళు పోయారు.

తర్వాత నన్ను. భర్త పేరు చెప్పమన్నారు. పెళ్ళయిన నాటి నుంచి ఆ పేరు నా నోట రాలేదు. గుమాస్తా జాలిగా, పోనీ ఎవరి చేతనైనా చెప్పించండి అన్నాడు. ఎవరున్నారు చెప్పడానికి? ఇంటిపేరుతో సహా చెప్పాను. గదిలో అందరికీ వినపడేట్టు. సుబ్బలు చెవులు మూసుకుంది. ఆ పేరు ఇక్కడ రాయించను, అక్కడ అన్నది చాలు. తమాషా ఏమిటంటే, ఆ పేరుగల మనిషి ఇప్పుడు రంగూన్లోనూ లేడు. ఆయనకి అక్కడ వేరే పేరు.

ఆఫీసరుగారు చాలాసేపు కాగితం చూశారు. భర్త అక్కడివాడైనంత మాత్రాన ఈవిడ ఇక్కడ ఉండటం అబద్ధం కాదు కదా అన్నారు. ఆ మాటకి నా ఒళ్ళు తేలికైపోయింది. పుట్టింటి మనిషి ఎవరైనా, ఈవిడ ఫలానా అని పేరుతో చెప్తే చాలునన్నారు. మీ పేరు మీరు చెప్పుకుంటే చెల్లదండీ అన్నారు.

సుబ్బలుని పిలిచారు.

‘ఈవిడ పేరేమిటమ్మా?’

‘మా ఆడబిడ్డగారండి.’

‘పేరు?’

‘మా ఆయనకి పెద్దక్కగారండి. రంగూన్ నుంచి వచ్చారండి.’

నేను దాని వంక చూశాను. అది నేల చూసింది. పోనీ రాసివ్వమన్నారు, కాగితం ఇచ్చారు. రాసింది. గుమాస్తా పైకి చదివాడు — ‘మా ఆడబిడ్డగారు.’

ఈసారి ఎవరూ నవ్వలేదు. అది ఇంకా అవమానంగా ఉంది.

వాయిదా వేశారు. బహుళంలో సోమవారం. అదే ఆఖరు, ఆ పైన జాబితా మూసేస్తారు.

శుద్ధ షష్ఠి

సుబ్బలుతో మాట్లాడను. రాయడానికి మాత్రం పిలిచాను.

శుద్ధ అష్టమి

అదీ నోరు విప్పదు. దాని చేత దాని మీద కోపం రాయించడం ఎబ్బెట్టుగా ఉంది... అయినా రాయి.

శుద్ధ ఏకాదశి

ఇవాళ చేపల పొలుసు తీస్తూ తనంతట తనే చెప్పింది. కాపురానికి వచ్చిన కొత్తల్లో రంగూన్ నుంచి నా ఉత్తరం వచ్చిందట, ఎవరిచేతో రాయించి వేశాను. ఎవరి దగ్గర్నుంచే అని మా అమ్మ అడిగితే, చదువొచ్చిన పిల్ల కదా, కవరు మీద పేరు చూసి గట్టిగా చదివిందట. పెద్ద ఆడబిడ్డ పేరు పెట్టి పిలుస్తావా అని అట్లకాడ కాల్చి మోచేతి పైన వాత పెట్టింది అమ్మ. అప్పటికి దానికి పన్నెండేళ్ళు.

రవిక చెయ్యి పైకి తీసి చూపించింది. ఉంది.

నేనేమో సముద్రం అవతల. ఆ ఉత్తరం అందిందా లేదా అని ఎదురు చూసేదాన్ని. అందింది, ఇలా.

ఆ తర్వాత ఎప్పుడూ అనలేదట. ముత్యాల ముక్కుపుడకని కూడా తెల్లపూస పుడక అంటుంది. ఎందుకో అనుకునేదాన్ని... నా పేరు తగులుతుందని.

పొలుసు తీసిన చేతులు కడుక్కుని, మజ్జిగ తేవే అన్నాను. తెచ్చింది.

బహుళ విదియ

మా లంకకి ఓట్లు అడగడానికి జెండాలు కట్టిన దోనెలు వచ్చాయి. మా గుమ్మం ముందు ఆగి, ఈ ఇంట్లో ఎన్ని ఓట్లండీ అన్నాడొకడు. సుబ్బలు నా వంక చూసింది. ఒకటి అన్నాను. సుబ్బలుకి దణ్ణం పెట్టి వెళ్ళాడు. నాకు పెట్టలేదు.

ఆదివారం

తిథి సుబ్బలునే వేసుకోమన్నాను, తొందరలో మర్చిపోయినట్టుంది.

రేపే వాయిదా. తెల్లారగట్ల దోనె మాట్లాడాను. చీరలు ఉతికి ఆరేశాం. సుబ్బలు అమ్మవారికి మొక్కుకుందట — ఏమని మొక్కుకున్నావంటే, నోరు పెగలాలని అంది.

ఈ పుస్తకం మొదటి నుంచి చదివించుకున్నాను. ఇన్ని పేజీలు నా కేసు. ఒక్కచోటా నా పేరు లేదు. నేను, వదినగారు, ఆడబిడ్డగారు, రంగూన్ ఆవిడ. నేను చెప్పలేదు, అది రాయలేదు. నా పుస్తకంలోనే నేను లేను.

సుబ్బలూ, రాయి. అమ్మ లేదు. ఆ అట్లకాడ తుప్పు పట్టి దొడ్లో పడి ఉంది. నేను చెప్తున్నాను, నీ పెద్ద ఆడబిడ్డని, నేనే చెప్తున్నాను, రాయమని. పాపమంటూ ఉంటే నాకు.

కలం ఎందుకు ఎత్తావు. దించు.

ముత్యాలమ్మ.

చూశావా, రాశావు. ఇంటి కప్పు కూలలేదు. ఇప్పుడు చదువు. కళ్ళతో కాదు, నోటితో. రేపు ఆ బల్ల ముందు అనాల్సింది అదే మాట, ఇంకేమీ లేదు. తలెత్తు. నా మొహం చూసి చదువు.

పెదవులు కదిలాయి.

వినపడలేదు సుబ్బలూ. మళ్ళీ.