తేటనీటి సీసాలు

జూలై 8

మంగ్లు పంపిన నీటి శాంపిల్ సీసా ఈ వారమూ తేటగానే ఉంది. టైడా ఊరికి ఎగువన, అక్కడివాళ్ళు గెడ్డ అనే వాగు ఒడ్డు మీది మద్ది, నేరేడు చెట్లు కొట్టేసి నెల దాటింది. వేళ్ళు పట్టి ఉంచిన మట్టి ఈ వానలకు నీటిలోకి జారక తప్పదు. నీటిలో బురద ఎంతుందో చెప్పే టర్బిడిటీ రీడింగ్ మాత్రం చెట్లున్నప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే. మీటర్ మళ్ళీ క్యాలిబ్రేట్ చేశాను. లోపం అందులో లేదు.

జూలై 9

చెట్లు కొట్టించిన కాంట్రాక్టరు ఇంకా ఎగువనున్న ఒడ్డు మీదివి కూడా కొట్టడానికి అనుమతి కోరాడు. నీరు బాగుందన్న నా రిపోర్టే అతనికి ఆధారం. ఊరికి ఆ గెడ్డ తప్ప వేరే నీరు లేదు.

జూలై 11, ఉదయం

చెప్పకుండా టైడాకు బయలుదేరాను. దారిలో మంగ్లు ఎదురయ్యాడు. ఆ ఊరివాడే, శాంపిల్ నింపి పంపడానికి మేము పెట్టుకున్న మనిషి. ఒంటిమీద కొత్త రెయిన్‌కోటు, వీపున కాంట్రాక్టరు పేరు. నన్ను చూడగానే ఊళ్ళోకి పరుగెత్తాడు. ఒకరిని అనుమానించడం నాకు ఇష్టం ఉండదు. అయినా అనుమానించాను.

సాయంత్రం

గెడ్డ ఎర్రగా, చిక్కగా పారుతోంది. పక్కన ఇసుకలో మంగ్లు తల్లి సోములమ్మ, నేను వస్తున్నానని కొడుకు చెప్పగానే వచ్చి, హడావిడిగా చెలమ తవ్వుతోంది. గుంటలోకి ఊరిన తేటనీటిని ముంతతో పట్టి నాకు అందించింది. సీసాల్లోని నీళ్ళు కూడా ఇందులోవేనా అని అడిగాను. అవునంది, దాపరికం లేకుండా. చెలమలో బిందె నిండేసరికి పూట గడుస్తుందట. అందుకని ఇళ్ళల్లో గెడ్డనీటినే తేరనిచ్చి తాగుతున్నారు. పిల్లలకు విరేచనాలు.

మరి నాకెందుకు ఇవి పంపారన్నాను.

"బురద నీల్లు ఆపీసుకి పంపుతారేటమ్మా? సూసినోల్లు మా ఊరిని ఏటనుకుంతారు?"

ఆ రెయిన్‌కోటు చెట్లు కొట్టిన కూలీలందరికీ ఇచ్చారట. అది తొడిగితే తన గుంటడు అచ్చం ఎలుగుబంటేనని కూడా అంది. మంగ్లు తల దించుకుని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

ఆ బురద చూపిస్తేనే మిగిలిన చెట్లు నిలుస్తాయని నెమ్మదిగా వివరించాను. ఆమె వంగి మళ్ళీ చెలమ తవ్వసాగింది.

జూలై 14

గెడ్డలోంచి నేనే ముంచిన సీసా రీడింగ్ పంపాను. ఇన్నాళ్ళూ తేటగా ఉన్న నీరు హఠాత్తుగా ఎలా చెడిందని పై అధికారి అడిగారు. మేడమే మట్టి కలిపి ఉంటారని కాంట్రాక్టరు సూపర్‌వైజర్ జగదీష్ అన్నాడట. మంగ్లును నేను చూసినట్టే ఇప్పుడు ఆఫీసులో నన్ను చూస్తున్నారు.

వచ్చి చూడమన్నాను.

జూలై 17

జగదీష్‌నూ వెంటబెట్టుకుని వచ్చారు. సోములమ్మ గెడ్డలోనే ముంచి, మొహం పక్కకు తిప్పుకుని ముంత అందించింది. పై అధికారి అందులోకి చూసి, ముందు జగదీష్‌ను తాగమన్నారు. అతను తాగలేదు. ఎగువ ఒడ్డుకు అనుమతి లేదని అక్కడే చెప్పేశారు.

మేము జీపెక్కేదాకా సోములమ్మ ఇటు తిరగలేదు.