గుర్రాల సినిమా ఆఖరు

బాపూ, నీ గుర్రాల సినిమా దొరికింది.

శ్రీరాంపూర్ కాలనీ గ్రౌండ్‌లో తెల్లగుడ్డ కట్టి చూపించిన ఆ పాత ఇంగ్లిష్ సినిమానే. లొంగని గుర్రాలెక్కి పందేలాడే మొగుడు, మానెయ్యమని పోరుపెట్టే భార్య. అంతకుముందే దోస్తులతో చూసొచ్చావు కాబట్టి, నాకూ, నన్ను కన్న అవ్వకూ మధ్య కూర్చుని కథంతా తెలుగులో చెప్పావు. ఆఖరి పందెం మొదలవుతుండగానే మమ్మల్ని లేపావు.

"ఇగ అయిపోయినట్టే. గెలుస్తడు, పెండ్లాం మాటిని గుర్రాలు ఇడిసిపెడ్తడు. నడువుండ్రి, పొద్దుగాల నాకు డ్యూటీ ఉంది."

నిన్న నీ సంవత్సరీకం అయింది. చుట్టాలంతా వెళ్లాక, ఇవాళ అవ్వకు ఫోన్‌లో ఆ సినిమా పెట్టాను. ఈసారి ఆఖరిదాకా చూశాం. అతను గెలవలేదు బాపూ. గుర్రం కింద పడేస్తే మళ్లీ లేవలేదు. నేను గాబరాగా అవ్వ వైపు చూశాను.

అవ్వ మాత్రం నిమ్మళంగా ఉంది. "నాకెరుకనే బిడ్డా. తెల్లారి నల్ల నీళ్లు పట్టే కాడ అందరు చెప్పిన్రు. మీ బాపు బొగ్గుబాయిల దిగినప్పుడల్లా, ఖాళీ టిఫిన్ డబ్బాతోని ఇంటికొచ్చేదాంక నేను పరేషానైతనని గట్ల చెప్పిండు. నేను నమ్మినట్టే ఉన్న."

ఫోన్ నా చేతికిచ్చి, "మల్ల పెట్టు" అంది. "ఆఖరి పందెం కాడ ఆపు. ఆడికెల్లి నేను చెప్త."

ఆపాను. అవ్వ చెప్పింది. అతను గెలిచాడట. వాకిట్లో గుర్రాన్ని కట్టేసి, ఖాళీ టిఫిన్ డబ్బా భార్య చేతికిచ్చాడట.