ఆవిరి పట్టని రాయి

జూన్ 4
రాయడానికేం లేదు. గోడవైపు తిరిగి పడుకున్నాను.

జూన్ 9, సాయంత్రం
అనంతపురం వెళ్లొచ్చాం. నా దమ్ము జబ్బు, అదే సీఓపీడీ, చూసే డాక్టరు పీల్చే పఫ్ మార్చి, మనసు డాక్టరమ్మ దగ్గరికి కూడా పంపాడు. ఆమెకు నిజమే చెప్పాను. తినబుద్ధి కాదు, మాట్లాడబుద్ధి కాదు, తెల్లారకపోతే బాగుండుననిపిస్తుంది. దమ్ముతో బాధపడే పెద్దవాళ్లకు డిప్రెషన్ రావడం మామూలే, తగ్గుతుంది అంది. మాత్ర రాసింది. నేను వేసుకోను. అంగన్వాడీలో కట్టెపొయ్యి ముందు సగం బతుకు గడిపినదాన్ని, నాకు పిచ్చి మాత్రలా? ఊపిరి కసరత్తులు నేర్పే ఫిజియో పిల్ల మాత్రం నచ్చింది. దమ్ము వచ్చినప్పుడు పెదవులు సున్నా చుట్టి మెల్లగా ఊదమంది.

జూన్ 12
వాన పడింది. వాన పడితే వజ్రకరూరులో ఎవరూ ఇంట్లో ఉండరు. చేలనిండా తలలు వంచుకుని వజ్రాలు వెతికే జనం. బళ్లారి నుంచి కూడా వచ్చారు. మా ఆయన ఐజాక్‌కి ఇన్నేళ్లలో ఒక్కటీ దొరకలేదు, ఆశ చావలేదు. ఎంతసేపని గోడ చూస్తాండావు సువార్తా, వచ్చి నేల చూడు అని ఆటో ఎక్కించాడు.

నాలుగడుగులకే దమ్ము. గట్టు మీద కూలబడి, మోకాళ్ల మీద మోచేతులు ఆనించి వంగాను. అప్పుడు కనిపించింది. నా కాళ్ల మధ్యే, ఎర్రమట్టిలో, కందిబేడంత మెరిసే రాయి.

మా ఊరి పరీక్ష ఒకటే. ఊపిరి వదిలితే గాజు మీద ఆవిరి నిలుస్తుంది, వజ్రం మీద నిలవదు. ఊదాను. నిలవలేదు. మళ్లీ ఊదాను. నిలవలేదు!

మధ్యాహ్నం సంగటి రెండో ముద్ద నేనే అడిగాను. కోడలు అంజలి గరిటె పట్టుకుని అట్లే నిలబడిపోయింది.

జూన్ 13
ఐజాక్ రాయి తీసుకుని కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఏమప్పా అంటే, బాగుండాది, దాచిపెట్టు అన్నాడు. వజ్రాలు కొనే సేటు దగ్గరికి గుత్తి దాకా పోవాల, ఒంట్లో సత్తువ రావాల, ముందు ఆ మాత్ర మింగు అన్నాడు. మింగాను. వజ్రం కోసం విషమైనా మింగుతా.

జూన్ 25
వీధి చివరిదాకా నడిచాను. పక్కింటి నల్లమ్మ, ఏమక్కా మొగం వెలుగుతాండాది అంది. చెప్పేస్తానేమోనని నోరు మూసుకుని వచ్చేశాను.

జూలై 8
అంజలి కళ్లద్దాలు తుడుస్తోంది. నోరు బాగా తెరిచి హా అంది. అద్దం తెల్లబడింది. రాయి దొరికిన రోజు నేను హా అనలేదు. ఫిజియో పిల్ల నేర్పినట్టు సున్నా చుట్టి ఊదాను. అట్లా ఊదితే వచ్చేది చల్లగాలి, అన్నం చల్లార్చుకునే గాలి.

రాయి తీసి హా అన్నాను. ఆవిరి పట్టింది. పోకుండా నిలిచింది.

ఐజాక్‌కి చూపిస్తే, మొదట్నించీ తెల్సులే అన్నాడు. కిటికీ కాడ చూసినప్పుడే తెలిసిపోయె, గాజేనని. నువ్వు రెండో ముద్ద అడిగినావే, ఇంక యాడ చెప్పేది అన్నాడు. తిట్టాను. దమ్ము వస్తే ఆగి, సున్నా చుట్టి ఊది, మళ్లీ తిట్టాను. నాకింత గొంతుందని నాకే తెలియదు. ఆయన తలొంచుకుని అన్నీ పడ్డాడు.

తర్వాత వెళ్లి పడుకున్నాను. గోడవైపు.

జూలై 9
పొద్దున మాత్ర వేసుకోలేదు. సాయంత్రం వేసుకున్నాను. వజ్రమే లేదు కదా, ఇంకెందుకో తెలియదు.

జూలై 11, ఉదయం 5:40
వాన వెలిసింది. నేనే లేచి ఐజాక్‌ని తట్టి లేపాను. ఇంకా కళ్లు నులుముకుంటున్నాడు. చేలకు పోయే ఆటో వచ్చేసింది.