గుడ్డతో కుట్టిన బోర్డు

జూన్ 4, 1993
అక్షరాలు వంకరగా పోతున్నాయి. తప్పులూ ఉంటాయి. ఐదో తరగతిలో ఆగిన చేయి, ఏమీ అనుకోకు.
ఆయన ఈ రోజు తేల్చేశారు. ఉగాది నుంచి ముందు గదిలో కుట్టు మిషన్ పెట్టుకుని కూర్చున్నాను. పక్కింటి షాహీన్ ఆపా జాకెట్లు తప్ప ఇంకేమీ రాలేదు. "శ్రావణం లోపట గిరాకి రాకుంటె మిషన్ జడ్చర్లల మా అక్కకిద్దాం. ఆమెకన్న పనికొస్తది." తల ఊపాను. నాకు వచ్చింది అదొక్కటే...

జూన్ 6
బోర్డు లేకనే ఎవరూ రావట్లేదట. పెయింటర్ యాదగిరిని పిలిపించారు. రేకు మీద హీరోయిన్ బొమ్మ, కత్తెర, పెద్ద అక్షరాలు. "ఒక్కపారి రాసిన్నంటె పదేండ్లు చూసుకునే పనుండది." ఏ పేరు రాయాలంటే ఆయన తన పేరు చెప్పారు — పక్కన లేడీస్ టైలర్ అని. నేను తలుపు వెనక నుంచి, "చీర ఫాల్స్ కూడ..." అన్నాను. ఎవరికీ వినబడలేదు.

జూన్ 7
షాహీన్ ఆపా ఒకటే నవ్వు. "మీ ఆయన పేరు జూస్తె ఏ ఆడమనిషి లోపటికొస్తది? కొల్తలు ఆయననే తీస్తడనుకుంటరు!"
నిజమే. నా పేరు పెట్టొచ్చు కదా అని ఆపా అంటే, లోపలి నుంచి అత్త — "కోడలి పేరు బజార్ల ఏలాడదీస్తరా?" నాకూ సిగ్గే.

జూన్ 9
యాదగిరి రాలేదు. పెళ్ళిళ్ళ పనులున్నాయట, వచ్చే నెల చూస్తాడట. వచ్చే నెలంటే ఆషాఢం. ఆ వెనకే శ్రావణం.
రొట్టెలు చేస్తుంటే తట్టింది. రేకు మీద రాయడం నాకు రాదు. గుడ్డ మీద కుట్టడం వచ్చు.

జూన్ 10
నోరు తెరిచి అడిగాను. "బోర్డు నేనే చేసుకుంట."
ఆయన అన్నం కలుపుతున్న చేయి ఆపారు. "గుడ్డతోనా? జెండా అనుకుంటరు."
"చెయ్యనియ్ రా, నీ సొమ్మేం పోతాంది" — అత్త! అత్త నా వైపు!

జూన్ 13
పసుపు దుప్పటి. దాని మీద బొమ్మలకు తొడిగేంత జాకెట్లు — కుండ మెడ ఒకటి, బుట్ట చేతులది ఒకటి, వెనక ముడులది ఒకటి. చదువు రానివాళ్ళకూ తెలియాలి. కింద ఎర్ర లైనింగ్ గుడ్డ కత్తిరించి అక్షరాలు. ఎవరి పేరూ లేదు.
"కుట్టేది ఆడమనిషే. లోపలికి రండి."

జూన్ 14
కిటికీ ఊచలకు కట్టాను. కట్టి, లోపలికొచ్చి తలుపేసుకున్నాను. బయట ఎవరో — "అగో, జాకెట్లు జూడే!" లోపలికి రమ్మని రాసి గడియ పెట్టుకున్న బుద్ధిమంతురాలిని.

జూన్ 15
తలుపు తీసే ఉంచాను. చాలా మంది ఆగారు. ఎవరూ గడప దాటలేదు.

జూన్ 17
వాన. నేను పరుగెత్తేలోపే ఎరుపంతా పసుపులోకి దిగింది. అక్షరాలు ముడుచుకుపోయాయి. లైనింగ్ ముందుగా తడిపి ఆరేయాలి — ప్రతి జాకెట్టుకూ చేసే పని, నా బోర్డుకే మరిచాను. ఏడుపొచ్చింది.
బస్సుకు పోతున్న ఒకావిడ చూరు కిందికి ఉరికొచ్చింది. "తడుస్తాంది తియ్యి పిల్లా!" తనే ఒక కొస పట్టుకుంది. లోపలికొచ్చాక — "గీ బుట్ట చేతులు నువ్వే కుట్టినవా?" వాన తగ్గేదాకా కూర్చుంది. సంచిలోంచి కొత్త గుడ్డ తీసింది. "నాక్కూడ గిట్లనే."
కొలతలు తీశాను.

జూన్ 19
అన్నీ తడిపి, ఆరేసి, మళ్ళీ కుట్టాను. కింద ఇంకో పట్టీ — చీర ఫాల్స్ కూడా వేస్తాను అని. ఎవరినీ అడగలేదు.
"యాదగిరికి మల్ల కబురు చెయ్యాల్నా?" అన్నారాయన.
"వద్దు."

జులై 3
ఆ వానావిడ తన ఫ్యాక్టరీ వాళ్ళందరినీ వెంటబెట్టుకొచ్చింది. గదిలో నిలబడే జాగా లేదు.
"నాది మెడ జర పైకి పెట్టు, మా అత్త సూపంత ఆడనే!"
"నీ మెడ సూసేంత తీరిక ఎవరికుందే!"
నేనూ నవ్వాను. పెద్దగానే. అత్త గడపలో కూర్చుని దారిన పోయేవాళ్ళకు కూడా చెబుతోంది — "మా కోడలే కుట్టింది, మా కోడలే."

జులై 8
యాదగిరి రేకు పట్టుకుని దిగాడు. బోర్డు కేసి చూశాడు. "గిదెవరు చేసిండ్రు?"
"నేనే." తలుపు ముందు నిలబడి చెప్పాను.
"మాసిపోతె?"
"ఉతుక్కుంట."
"రేకునైతె ఉతకలేం తియ్యక్కా" అని నవ్వి సైకిలెక్కాడు.

జులై 11
శ్రావణం ఇంకా రానేలేదు, గుడ్డలు మంచం మీద కుప్ప. ఆయన మిషన్‌కు నూనె వేసి, "ఇది ఈడనే ఉంటది" అన్నారు. రెండుసార్లు చదువుకోవాలని ఇక్కడ రాస్తున్నాను — ఇది ఈడనే ఉంటది.

జులై 12
జడ్చర్ల నుంచి కబురు. రేపు పొద్దున ఆడబిడ్డ వస్తోందట, మిషన్ తీసుకుపోవడానికి. బండి కూడా మాట్లాడుకుందట. ఇస్తామని ఆయన ఎప్పుడో చెప్పేసి ఉన్నారు.
"అక్కకు నువ్వే చెప్పు" అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. అత్త చాట ముందేసుకుని తల ఎత్తదు. కూతురు కదా.
ఇవ్వను. అదైతే తెలుసు.
"వదినె, కూసో. ముందు చాయ తాగు" — రేపు చెప్పాల్సింది ఇంతదాకా కుదిరింది. ఆ తర్వాతి మాట తెల్లారేలోపు కుట్టుకోవాలి.