సున్నా వాసన

మార్చి 3, 2021

ఈరోజు నిమ్మ తిరిగి వచ్చింది. ఫ్యాక్టరీలో మధ్యాహ్నం బ్యాచ్ సబ్బు ముక్క ముక్కు దగ్గర పెట్టుకోగానే ఠక్కున తగిలింది. కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. పక్క టేబుల్ కెమిస్ట్ అమ్మాయి ఏమైంది సార్, తేలు కుట్టిందా అని అడిగింది. నిమ్మ వచ్చిందమ్మా అన్నాను. నిమ్మ సబ్బులో నిమ్మ కాక ఇంకేం వస్తుంది సార్ అంది. చిన్నపిల్ల, దానికేం తెలుసు.

నా ఉద్యోగమే వాసన చూడటం. నేను ముక్కు పెట్టి ఊఁ అంటేనే బ్యాచ్ కటింగ్‌కి వెళ్తుంది. అందరూ ముక్కు మాస్టారు అంటారు. పోయిన సెప్టెంబర్లో కోవిడ్ వచ్చి ఆ ముక్కు కాస్తా మూగబోయింది. ప్రాణం దక్కింది కదా, ముక్కు పోతే పోనీ అన్నారు చూడటానికొచ్చిన వాళ్ళు. వాళ్ళ ముక్కులు బాగానే ఉన్నాయి మరి. తర్వాత వాసనలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. అన్నిటికన్నా ముందు వచ్చింది ఫినాయిల్! పిలవని పేరంటం. ఆ తర్వాత మాడిన పాలు, కిరోసిన్, గులాబీ. ఇప్పుడు నిమ్మ. ఇంకేం బాకీ లేనట్టే.

సాయంత్రం మా అమ్మాయి ఫోన్ చేసింది. నా వయసు వాళ్ళకి వ్యాక్సిన్ మొదలైందట. దానికి ఈ నెలలోనే డెలివరీ. సూది వేయించుకోకుండా మా గుమ్మం తొక్కొద్దు నాన్నా, పసిబిడ్డ దగ్గరికి నిన్ను రానిచ్చేది లేదు అని ఖరాఖండిగా చెప్పేసింది. చూద్దాంలే అన్నాను. నేను చూద్దాం అంటే కుదరదని అర్థం. అది దానికి చిన్నప్పటినుంచీ తెలుసు.

మార్చి 6

సూపర్‌వైజర్ అడిగితే బీపీ ఉందన్నాను. పక్కింటి రిటైర్డ్ టీచరు అడిగితే జనం ఎక్కువగా ఉన్నారన్నాను. అమ్మాయితో, నాకు ఒకసారి వచ్చి పోయింది, మళ్ళీ రాదు అన్నాను. ఎవరికి తగ్గ కారణం వాళ్ళకి కుట్టి ఇస్తున్నాను.

డాక్టరుకి మాత్రం సగం నిజం చెప్పాను. ప్యాకింగ్ సెక్షన్లో ఒకతని బావమరిదికి సూది వేయించుకున్నాక వారం రోజులు వాసన తెలియలేదట, నాకూ అలాగే అయితే ఎలా అని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఆ బావమరిదికి జలుబు చేసి ఉంటుంది, రెండు రోజులు జ్వరం రావచ్చు గానీ ముక్కుకి ఏమీ కాదన్నాడు. నిజంగా ముక్కు మీద ప్రేముంటే ముందు మీరే లైన్లో నిలబడాలి, మళ్ళీ కోవిడ్ వస్తే ఈసారి ముక్కుతో ఆగుతుందో లేదో అన్నాడు.

ఆయన చెప్పింది న్యాయంగానే ఉంది. కాదనను. అయినా నా కాళ్ళు వ్యాక్సిన్ సెంటర్ వైపు కాకుండా ఇంటి వైపు నడిచాయి.

మార్చి 7, ఆదివారం

అసలు కారణం ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ కూడా రాయను.

మార్చి 12

వరసగా నాలుగైదు సబ్బులు చూస్తే ముక్కు మొద్దుబారిపోతుంది. గులాబీకీ మల్లెకీ తేడా తెలియదు. అప్పుడు దాన్ని మళ్ళీ మొదటికి తెచ్చుకోవాలి. నాకు పని నేర్పిన పెద్దాయన తన మోచేతి మడతలో ముక్కు దూర్చి ఒక్క క్షణం ఊపిరి పీల్చేవాడు. ఎవరి ఒంటి వాసన వాళ్ళకి తెలియదు కాబట్టి ముక్కుకి అక్కడ విశ్రాంతి. ఆ చోటుని ఆయన సున్నా అనేవాడు. సున్నా పెట్టుకున్నావా అని అడిగి మరీ తర్వాతి సబ్బు చేతికిచ్చేవాడు.

నా మోచెయ్యి పనికిరాలేదు. నాకు చెమట ఎక్కువ. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు మా ఆవిడ చేతిరుమాలు పొరపాటున నా జేబులో వచ్చేసింది. అదే సున్నాగా పెట్టుకుని చూశాను. మొదట్లో పని చెయ్యలేదు, ఎందుకంటే దానికి వాసన ఉంది. ఏ సబ్బుదీ కాదు, ఏ పువ్వుదీ కాదు. పని మానేసి దాన్నే వాసన చూస్తూ కూర్చునేవాణ్ణి. పెద్దాయన ఒకసారి చూసి, కొత్త పెళ్ళికొడుకువి కదా, ఒక ఏడాది ఆగు, అదే పోతుంది అన్నాడు. నిజంగానే పోయింది. ఎప్పుడు పోయిందో తెలియలేదు. ఆవిడ, ఇల్లు, దుప్పట్లు, అన్నీ నాకు ఏ వాసనా లేనివైపోయాయి. రుమాలు అచ్చమైన సున్నా అయింది.

ఇక అప్పటినుంచి ఆవిడ ఒక రుమాలు రెండు రోజులు నడుము దగ్గర దోపుకుని, ఉతక్కుండా నాకు ఇచ్చేది. ఇదేం ఉద్యోగమండీ, బయట తెలిస్తే నవ్విపోతారు అనేది. అనడమే గానీ చుట్టాలందరికీ చెప్పింది తనే. మా ఆయన లెక్కలో నేను సున్నా అని. ఆస్పత్రిలో కిడ్నీలు రెండూ చేతులెత్తేసిన రోజు కూడా నర్సుతో అదే అంది. నర్సుకి అర్థం కాక నావైపు గుడ్లురిమి చూసింది. మా ఆవిడ ఆ మంచం మీద కడుపుబ్బ నవ్వింది. అదే ఆఖరి నవ్వు. వచ్చే జూన్‌కి రెండేళ్ళు.

మార్చి 14

అమ్మాయి ఫోన్ చెయ్యలేదు. చేస్తే ఎత్తకూడదనుకుని రోజంతా ఫోన్ పక్కనే కూర్చున్నాను.

మార్చి 22, ఉదయం 6

ఆడపిల్ల! అల్లుడు ఫోన్ చేశాడు. తల్లీబిడ్డా క్షేమం. ఫొటో పంపాడు. కళ్ళు మూసుకుని, పిడికిళ్ళు బిగించి, ఎవరితోనో పోట్లాటకి సిద్ధంగా ఉంది. వాళ్ళ అమ్మ పోలికే. ఫోన్‌ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నవ్వొచ్చింది. ఎవరూ చూడలేదు కాబట్టి సరిపోయింది.

మార్చి 28

వెళ్ళాను. లోపలికి కాదు. వాళ్ళ అపార్ట్‌మెంట్ కింద, స్కూటర్లు పెట్టే చోట నిలబడ్డాను. అమ్మాయి మొదటి అంతస్తు బాల్కనీలోంచి బిడ్డని ఎత్తి చూపించింది. తెల్లటి గుడ్డలో ఒక చిన్న మూట. మూటలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి మళ్ళీ లోపలికెళ్ళింది.

అమ్మాయి అరవలేదు. అరిచినా బాగుండేది. అమ్మ ఉంటే మొదటిరోజే వేయించుకుని, నిన్ను కూడా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేది నాన్నా అంది. పైనుంచి చెప్పాలి కాబట్టి గట్టిగానే అంది. వాచ్‌మన్ విన్నాడు, స్కూటర్ తుడుచుకుంటున్న ఒకాయన కూడా విన్నాడు. నేను మెడ ఎత్తి పైకి చూస్తూ, పాప బొద్దుగా ఉంది అన్నాను. వచ్చేటప్పుడు బస్సులో ఏడుపొచ్చింది. మాస్క్ వల్ల ఒక లాభం ఉంది, సగం మొహం మనదే.

ఏప్రిల్ 4

అల్లుడు వచ్చాడు. నెమ్మదస్తుడు. అతని నోట్లోంచి మాట బయటికి రావాలంటే టోకెన్ తీసుకుని లైన్లో నిలబడాలి. కుర్చీ చివర కూర్చుని చాలాసేపు ఫ్యాన్ వైపు చూశాడు. ఆఖరికి చెప్పాడు. పాప ఒంటికి కొత్త బట్ట గుచ్చుకుంటోందట, ఒళ్ళంతా ఎర్రగా అవుతోందట. అత్తయ్యగారి పాత నూలు బట్టలు మెత్తగా ఉంటాయి కదా మామయ్యగారూ, బీరువాలో ఉన్నవి తెమ్మంది అన్నాడు.

నేను లేచి బజారుకెళ్ళి, ఉన్నవాటిలో ఖరీదైన మెత్తటి టవల్స్ అరడజను కొని తెచ్చి అతని చేతిలో పెట్టాను. అతను వాటివంక చూశాడు, బీరువా వంక చూశాడు, నావంక చూశాడు. టవల్స్ పట్టుకుని వెళ్ళిపోయాడు.

గంట తిరక్కుండా అమ్మాయి ఫోన్. మా అమ్మ బట్టలు నా కూతురికి ఇవ్వడానికి నీకు చేతులు రావట్లేదా అని అడిగింది. సమాధానం చెప్పేలోపు పెట్టేసింది.

ఏప్రిల్ 5

సరే, రాస్తాను.

ఆవిడ పోయాక ఆ బీరువా తీయలేదు. తీసి ఏం లాభం? ఆ బట్టలకి నాకు ఏ వాసనా ఉండదు. నా ఇంటి వాసన నాకెలా తెలుస్తుంది?

జనవరిలో, ముక్కు సగం సగం తిరిగి వస్తున్న రోజుల్లో, ఏదో తాళం చెవి వెతుకుతూ తీశాను. తలుపు తీయగానే వచ్చింది. పెళ్ళయిన కొత్తలో రుమాలులో ఉండి, ఎక్కడ పోయిందో తెలియకుండా పోయిన వాసన. కోవిడ్ నా ముక్కుని తుడిచిపెట్టి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది కాబోలు. ముప్ఫై ఏళ్ళు పక్కనే ఉండి కూడా తెలియనిది మళ్ళీ తెలిసింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల తలుపు చాటున నిలబడి, ఇవాళ ఆలస్యమైందేమండీ అని అడుగుతున్నట్టు ఉంది. బీరువా ముందు కింద కూర్చుండిపోయాను.

అందుకే సూది వద్దంటున్నాను. డాక్టరు చెప్పింది నిజమే. ప్యాకింగ్ అతని బావమరిదికి జలుబే. అన్నీ తెలుసు. నూటికి తొంభై తొమ్మిదిమందికి ఏమీ కాకపోయినా ఆ మిగిలిన ఒక్కడూ నేనే అవుతానేమో అని భయం. ఈ వాసన రెండుసార్లు దొరికింది. మూడోసారి దొరకదు.

ఏప్రిల్ 7

అమ్మాయికి ఫోన్ చేసి చెప్పేశాను. బీరువా సంగతి, రుమాలు సంగతి, అన్నీ. వింటోందో లేదో తెలియలేదు. పాప ఏడుపు మాత్రం వినపడుతోంది.

పాప ఏడుపు ఆగాక అంది. పెళ్ళయి వెళ్ళిన నెలకి మొదటిసారి మనింటికి వచ్చినప్పుడు గుమ్మంలోనే నాకు ఆ వాసన తెలిసింది నాన్నా, అప్పటిదాకా మన ఇంటికి ఒక వాసన ఉందని కూడా తెలియదు, ఆ రోజు చెప్పులు విప్పుతూ ఏడ్చాను, నువ్వు ఎందుకని అడిగితే కాలికి రాయి తగిలిందన్నాను అని. నాకు ఆ రోజు గుర్తుంది. రాయి కోసం చెప్పు తిరగేసి చూశాను కూడా.

పెట్టేసే ముందు, బట్టలు వద్దులే నాన్నా, ఉంచుకో అంది. అలా అంటుందనుకోలేదు. కొట్లాడి ఉంటే నేనూ కొట్లాడేవాణ్ణి.

ఏప్రిల్ 10

బీరువా తీశాను. జనవరిలో ఉన్నంత లేదు.

ముక్కు తప్పు కాదు. నిమ్మ ఉంది, గులాబీ ఉంది, పక్కింటి టీచరు మాడబెట్టిన పాలు కూడా ఉన్నాయి. బీరువాలోనే తగ్గింది. తీసిన ప్రతిసారీ కొంత పోతుంది. తీయకపోయినా పోతుంది. ఇన్నేళ్ళు ఈ పని చేసినవాణ్ణి, వాసన అంటేనే వెళ్ళిపోయేదని నాకు ఒకరు చెప్పాలా? గోడౌన్లో ఏడాది దాటిన సబ్బుని వెనక్కి పంపించేది నేనే. సొంత బీరువా దగ్గరికి వచ్చేసరికి పని మర్చిపోయాను.

ముక్కుని కాపాడుకుని కూర్చుంటే, ఆ ముక్కుతో చూడటానికి వచ్చే ఏడాదికి అక్కడ ఏమీ ఉండదు. పాప మాత్రం ఈలోపు బోర్లా పడి, పాకి, నడిచేస్తుంది. ఎవరీయన అని నన్ను చూసి ఏడుస్తుంది.

ఏప్రిల్ 12

వేయించుకున్నాను.

వెళ్ళేముందు బీరువాలోంచి ఆవిడ చివరి రుమాలు తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి జేబులో వేసుకున్నాను. మిగతా బట్టలకన్నా దానిలోనే గాఢంగా ఉంది. సూదికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వాసన చూసి తేడా ఉందో లేదో అక్కడే తేల్చుకుందామని. ఫ్యాక్టరీ బుద్ధి ఎక్కడికి పోతుంది.

ఏదో స్కూల్లో పెట్టారు సెంటర్. చిన్నపిల్లల బెంచీలు, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. నా వంతు వచ్చింది. మాస్క్ దించి రుమాలు చూసుకుంటుంటే నర్సు, భయపడకండి తాతగారూ, చీమ కుట్టినట్టు ఉంటుందంతే అంది. తాతగారు అన్నందుకు కోపం రాలేదు. సూది దించింది. తీసింది. ఒక రక్తపు చుక్క వచ్చింది. దూది అయిపోయిందేమో, చటుక్కున నా చేతిలో రుమాలు లాక్కుని, దానిమీద ఇంత స్పిరిట్ ఒంపి, నా భుజానికి అదిమి, గట్టిగా పట్టుకోండి అంది.

పట్టుకున్నాను. ఏమని చెప్పను? పాపం, మంచికే చేసింది. ఆ వాసన పోతుందని నెల రోజులు భయపడి, చివరికి చేతులారా తీసుకెళ్ళి స్పిరిట్‌లో ముంచుకుని వచ్చాను. అరగంట కూర్చోమన్నారు. ఆ చిన్న బెంచీమీద కూర్చుని ముందు నవ్వాను, తర్వాత ఏడ్చాను. పక్కాయన నర్సుని పిలిచి, ఈయనకి రియాక్షన్ వచ్చినట్టుంది చూడండమ్మా అన్నాడు.

ఏప్రిల్ 13

జ్వరం. ఒళ్ళు నొప్పులు. దుప్పటి కప్పుకుని ఇల్లంతా తిరుగుతూ కనపడినదల్లా వాసన చూశాను. అగ్గిపెట్టె, బూట్ పాలిష్, గ్యాస్ పైపు. పక్కింటి టీచరు కిటికీలోంచి చూసి, జ్వరం తలకెక్కిందా అని అడిగింది.

ఏప్రిల్ 15

ముక్కు ఉంది.

ఏప్రిల్ 18

బీరువా మొత్తం ఖాళీ చేశాను. ఫ్యాక్టరీ నుంచి సెంటు కలపని సబ్బు తెచ్చి ఆవిడ నూలు బట్టలన్నీ నా చేత్తో ఉతికాను. బకెట్లో మొదటి నీళ్ళు పారబోసేటప్పుడు చెయ్యి ఆగింది. తర్వాత పారబోశాను. ఎండలో ఆరేసి, మడతపెట్టి, అల్లుణ్ణి పిలిచి ఇచ్చాను. అతను మూట గుండెకి ఆనించుకుని పట్టుకున్నాడు. ఈసారి టోకెన్ లేకుండానే, థాంక్స్ మామయ్యగారూ అన్నాడు.

సూది వేయించుకున్న రోజు నుంచి రెండు వారాలు ఆగి రమ్మంది అమ్మాయి.

ఏప్రిల్ 27

ఎత్తుకున్నాను. మాడు మీద ముక్కు పెట్టాను.

పాలు, కొంచెం ఇనుము, తడి మన్ను, ఇంకా పేరు లేనిది ఏదో. వాళ్ళమ్మమ్మ కాదు. ఎవరూ కాదు.

రోజూ వెళ్తాను. ఈ వాసన నాకు తెలియకుండా పోయేదాకా వెళ్తాను.